ఉప్పునీళ్లలో రంగు కలిపినా స్ఫటికం తెల్లగానే ఎందుకొస్తుంది? పాప ప్రాజెక్టుకి ఏం చేయాలి?

ప్రశ్న టూకీగా ఇది. చెన్నై వేళచ్చేరిలో ఉండే ఒక తల్లి అడిగారు. 5వ తరగతి చదివే పాపకి సైన్స్ ప్రాజెక్టుగా రంగురంగుల క్రిస్టల్స్ పెంచాలనుకున్నారట. వీడియోలో చూసినట్టే వేడినీళ్లలో ఉప్పు కరిగించి, ఎర్ర ఫుడ్ కలర్ వేసి, దారం వేలాడదీశారు. వారం తర్వాత చూస్తే దారానికి చెప్పుకోదగ్గదేమీ లేదు. గ్లాసు అంచులెక్కి బయటి వైపుకి తెల్లటి పెచ్చు పాకింది, రంగంతా అడుగున నీళ్లలోనే ఉండిపోయింది. ఇంకా 16 రోజుల టైం ఉంది. ఏ పదార్థం వాడాలి, రంగు ఎలా వస్తుంది, మైలుతుత్తం (నీలంగా ఉండే కాపర్ సల్ఫేట్) పిల్లల చేతికివ్వచ్చా అని ఆవిడ సందేహాలు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం.

ఉప్పు మానేసి పటిక పట్టుకోండి. ఫుడ్ కలర్ మీద ఆశ వదులుకోండి, అది స్ఫటికం లోపలికి పోదు. రంగు కావాలంటే రంగున్న వస్తువు మీద పటిక స్ఫటికాలు పెంచండి. పటిక గాజులా ఉంటుంది కాబట్టి లోపలి రంగు బయటికి కనబడుతుంది. మైలుతుత్తం పాప చేతికి వద్దు. మీరు చేస్తుంటే పాప పక్కన నిలబడి చూడచ్చు. 16 రోజులు చాలు, కానీ ఈ రాత్రే మొదలుపెట్టాలి.

నేను చెన్నైలో ఒక స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటూ 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఏటా ఎగ్జిబిషన్ సీజన్ వచ్చిందంటే కనీసం పదిమంది పిల్లలు గ్లాసులు పట్టుకుని వచ్చేవాళ్లు, "సార్, నాకు రాలేదు" అంటూ. కాబట్టి మీ గ్లాసు ఎలా ఉండి ఉంటుందో చూడకుండానే చెప్పగలను.

ఉప్పు సంగతి ముందు. స్ఫటికం రావడానికి రెండు దారులు. వేడినీళ్లలో ఎక్కువ కరిగించి చల్లారిస్తే, పట్టని సరుకు బయటికి రావడం ఒకటి. నీళ్లు ఆవిరైపోతుంటే మిగిలినదాంట్లో పట్టక రావడం రెండోది. ఉప్పుకి మొదటి దారి దాదాపు మూసుకుపోయినట్టే. 100 మి.లీ. మామూలు నీళ్లలో 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది, మరిగే నీళ్లలోనూ 39 గ్రాములే. మీరు ఎంత మరిగించినా చల్లారాక బయటికొచ్చేది ఆ కాస్తే. మిగతాదంతా ఆవిరి మీదే ఆధారపడాలి. పాండిచ్చేరికి సముద్రతీరం వెంట ఈసీఆర్ రోడ్డు మీద వెళ్తుంటే మరక్కాణం దగ్గర ఉప్పు మళ్లు కనబడతాయి కదా, అక్కడ పనంతా ఎండా గాలీ చేస్తాయి. పల్చటి మడిలో నీళ్లు పరిచి ఆరబెడతారు. మీ గ్లాసులో ఆ ఎండా లేదు, ఆ వెడల్పూ లేదు. పైగా నీళ్లు ముందు ఆరేది గ్లాసు అంచున, పల్చగా తడి ఉన్న చోట. అక్కడ ఉప్పు గడుతుంది, ఆ ఉప్పు సందుల్లోంచి నీళ్లు ఇంకా పైకి ఎగబాకుతాయి, అక్కడ మళ్లీ ఉప్పు గడుతుంది. మీరు చూసిన తెల్లటి పెచ్చు అదే. అంచు లోపలి వైపు వేలితో కాస్త వాజెలిన్ రాస్తే పాకడం ఆగుతుంది. పటికకి కూడా ఇది పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

పటిక లెక్క వేరు. 20 డిగ్రీల దగ్గర 100 మి.లీ.కి సుమారు 14 గ్రాములు కరిగితే, 50 డిగ్రీల దగ్గర 36 గ్రాముల పైనే కరుగుతుంది. అంటే వేడిగా కరిగించి చల్లారిస్తే సగానికి పైగా బయటికి రావాల్సిందే. పిల్లల చేత చేయించడానికి ఇంతకంటే మంచి పదార్థం నాకు తెలియదు. చౌక, చుట్టుపక్కల దొరుకుతుంది, ఆకారం చక్కగా వస్తుంది. రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అంటించినట్టు, ఎనిమిది ముఖాలు.

ఇక రంగు. అసలు ప్రశ్న ఇదే.

పాపకి అర్థం కావాలంటే చుక్కల ముగ్గు చూపించండి. ఒక్కో చుక్క లెక్క ప్రకారం తన చోట ఉంటేనే ముగ్గు కుదురుతుంది. స్ఫటికంలో కూడా అంతే, పొటాషియం, అల్యూమినియం, సల్ఫేట్, నీళ్ల అణువులు లెక్క తప్పకుండా వరసగా కూర్చుంటాయి, ఆ వరసే అన్ని వైపులకీ లక్షల కోట్ల సార్లు సాగుతుంది. ఫుడ్ కలర్ అణువు వీటి పక్కన చాలా పెద్దది, ఆకారం కూడా వేరు. చుక్క పెట్టాల్సిన చోట పీట వేస్తానంటే కుదురుతుందా? వచ్చి ఆ ముఖానికి తగులుతుంది, చోటు దొరక్క మళ్లీ నీళ్లలోకి పోతుంది. నెమ్మదిగా పెరిగే స్ఫటికమైతే దాన్ని ఇంకా బాగా బయటికి నెట్టేస్తుంది. చక్కెర మిల్లులో జరిగేది కూడా ఇదే. చెరుకు రసం ఎంత గోధుమ రంగులో ఉన్నా పంచదార పలుకు తనవాళ్లనే చేర్చుకుంటుంది, రంగు చాలావరకు మొలాసిస్‌లో, అంటే చివర మిగిలే మడ్డిలో ఉండిపోతుంది. ల్యాబుల్లో పదార్థాన్ని శుద్ధి చేయడానికి స్ఫటికాలుగా మార్చడం కూడా ఇందుకే. మీ పాప అనుకోకుండా శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టేసింది. చార్టులో ఆ ముక్క రాయించండి, ఫెయిలైన ఉప్పు గ్లాసు ఫోటో కూడా పెట్టించండి. జడ్జిగా వచ్చే టీచర్లకి ఇలాంటివి బాగా నచ్చుతాయి, నేనూ అలా కూర్చున్నవాణ్నే.

మరి వీడియోల్లో ఎర్రగా, ఆకుపచ్చగా కనబడుతున్నాయే అంటారా? అవి ఎక్కువగా చిన్న చిన్న స్ఫటికాల గుత్తులు. పలుకుకీ పలుకుకీ మధ్య సందుల్లో రంగునీళ్లు ఇరుక్కుని ఆరిపోతాయి. ఒక్క పలుకు విరిచి చూస్తే లోపల తెల్లనే. కొన్ని రెడీమేడ్ కిట్లలో ఉండే మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ మాత్రం గుత్తులుగా వేగంగా పెరిగి రంగు కాస్త బాగా పట్టుకుంటుంది. ఎరువుల షాపులో 12-61-0 పేరుతో అమ్మేది ఆ పదార్థమే. పెరట్లో మొక్కలున్నవాళ్లకి మిగిలినా వృథా కాదు. నేను రెండుసార్లు చేయించాను. ఫలితం బాగుంది కానీ పటికంత ముచ్చటగా ఉండదు, సూదులు సూదులుగా వస్తుంది.

పటిక ఎక్కడ, ఎలాంటిది

మన దగ్గర దిష్టికి గుమ్మానికి కట్టే పటికే. చెన్నైలో నాట్టు మరుందు కడైకి, అంటే నాటుమందుల షాపుకి వెళ్లి "పడికారం" అనండి, ఇస్తారు. అరకిలో గడ్డ కొనండి. పొడి వద్దు. ముఖ్యంగా పొంగించిన పటిక పొడి అసలు వద్దు, అది నీళ్లు పోగొట్టుకున్న సరుకు, సరిగ్గా కరగదు. కొన్ని షాపుల్లో పొటాష్ పటిక ఉంటుంది, కొన్నిచోట్ల అమ్మోనియం పటిక. రెండిటికీ ఆకారం ఒకటే, ఏదొచ్చినా ఫరవాలేదు.

నీళ్లు మాత్రం క్యాన్ వాటరో, ఆర్‌వో నీళ్లో వాడండి. బోరునీళ్లలో పటిక వేస్తే తెల్లటి మబ్బు కమ్ముతుంది. వరదలప్పుడు ఊళ్లో అమ్మమ్మలు బిందెడు బురద నీళ్లలో పటిక తిప్పేవాళ్లు, మట్టంతా అడుక్కి దిగేది. అక్కడ మట్టిని పట్టుకుని కిందికి లాగేది ఈ తెల్లటి మబ్బే, అల్యూమినియం హైడ్రాక్సైడ్. బిందెలో మంచిది, మన గ్లాసులో మాత్రం అదే శత్రువు. ఆ మబ్బు మీదే వందల చిన్న పలుకులు పుడతాయి, పెద్దది ఒక్కటీ రాదు. ఒకవేళ మబ్బు వచ్చిందంటే కాఫీ ఫిల్టర్ కాగితంలోనో, నాలుగు మడతల పాత పంచెలోనో వడగట్టండి.

చేసే పద్ధతి

అరలీటరు నీళ్లకి 150 గ్రాముల పటిక. గడ్డని గుడ్డలో చుట్టి రోకలితో నలగ్గొట్టండి. నీళ్లు పొయ్యి మీద బాగా వేడెక్కితే చాలు, మరగాల్సిన పని లేదు. మొత్తం కరిగేదాకా కలిపి, గాజు సీసాలోకి వడగట్టి, కదపకుండా ఒక రాత్రి వదిలేయండి. వేడి పని, వంచే పని మీదే. ఈ మొత్తం ప్రాజెక్టులో నిజమైన ప్రమాదం పటిక కాదు, చేయి కాలడం.

పొద్దున్నకి అడుగున మెరిసే పలుకులు కనబడతాయి. ఇప్పుడు పైనున్న తేట మీ ఇంటి ఉష్ణోగ్రతకి సరిగ్గా సరిపడా పటిక పట్టిన ద్రావణం, పుస్తకాల్లో సంతృప్త ద్రావణం అంటారే, అదన్నమాట. తూకాలు కాస్త అటూ ఇటూ అయినా మీకు భయం లేదు, అడుగున పలుకులు మిగిలితే చాలు, పైది సరిగ్గానే ఉంటుంది. నేను పిల్లలకి తూకాలకంటే ఈ గుర్తే చెప్పేవాణ్ని. తేటని ఇంకో సీసాలోకి వంచండి.

అడుగున ఉన్నవాటిలోంచి ఒక్కటి ఎంచుకోవాలి. పాపకి భూతద్దం ఇచ్చి ఈ పని తనకే వదిలేయండి. కందిగింజంత ఉండాలి, ముఖాలు నున్నగా ఉండాలి, రెండు అతుక్కున్నది కాకూడదు. ఇదే విత్తనం. తొందరపడి వంకర విత్తనం తీసుకుంటే అది పెరిగి పెద్ద వంకరే అవుతుంది. దీన్ని చేపల గాలానికి వాడే సన్నటి నైలాన్ దారంతో కట్టండి. నూలు దారం వద్దు, దాని నూగంతా పలుకులు పడతాయి, అప్పుడు విత్తనానికి మేత మిగలదు. ముడి నిలవకపోతే దారం కొసకి పిసరంత ఫెవిక్విక్ పెట్టి అతికించండి, అదీ మీరే చేయండి.

వంచిన తేటలో ఇంకో 10 గ్రాముల పటిక వేసి గోరువెచ్చగా కాచి కరిగించి, పూర్తిగా చల్లారాక విత్తనం వేలాడదీయాలి. "పూర్తిగా" అంటే సీసా చేత్తో ముట్టుకుంటే చల్లగా అనిపించాక ఇంకో మూడు గంటలు. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. కాస్త వెచ్చగా ఉన్నా విత్తనం పది నిమిషాల్లో కరిగిపోతుంది, దారం ఒక్కటే మిగులుతుంది. పెన్సిల్‌కి కట్టి సీసా మూతి మీద అడ్డంగా పెట్టండి, విత్తనం మధ్యలో ఉండాలి, అడుగుకీ గోడలకీ తగలకూడదు. పైన పల్చటి గుడ్డ కట్టండి, దుమ్ము పడకుండా, ఆవిరి పోయేలా.

మూడు నాలుగు రోజులకోసారి చూడండి. అడుగున కొత్త పలుకులు చేరితే అవి మీ స్ఫటికం వాటా తినేస్తున్నాయని అర్థం. స్ఫటికాన్ని తీసి టిష్యూతో అద్ది పక్కన పెట్టండి. నీళ్లతో కడగకండి, కరుగుతుంది. ద్రావణం మొత్తం వెచ్చజేసి ఆ పలుకుల్ని కరిగించి, మళ్లీ చల్లార్చి వేలాడదీయండి. విసుగు పనే. కానీ రెండు వారాలు ఇలా చేస్తే నేరేడు పండంత స్ఫటికం వస్తుంది.

సీసా ఎక్కడ పెట్టాలి

ఈ ఊరికి సంబంధించి నేను కిందా మీదా పడి నేర్చుకున్నది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

ఏసీ బెడ్రూంలో పెట్టకండి. రాత్రి 24 డిగ్రీలు, పగలు ఏసీ ఆపితే 32, 33. రాత్రి చల్లదనానికి ద్రావణంలో పటిక పట్టక చిన్న చిన్న పలుకులు వానలా రాలతాయి. పగలు వెచ్చబడగానే ద్రావణానికి ఆకలేస్తుంది, దొరికినదల్లా కరిగించుకుంటుంది. చిన్న విత్తనమైతే పూర్తిగా పోతుంది. ఒక అబ్బాయి ఏడుపు ముఖంతో వచ్చాడు, ఆదివారం పొద్దున ఉన్నది సాయంత్రం సినిమాకెళ్లి వచ్చేసరికి లేదని. తమ్ముడు తీశాడని ఇంట్లో పెద్ద గొడవ కూడా అయిందట. పాపం తమ్ముడిది ఏ తప్పూ లేదు. ఇంట్లో అందరూ ఉన్నంతసేపూ ఏసీ నడిచింది, అందరూ బయటికి వెళ్తూ ఆపేశారు, అంతే. ఆ రోజు నుంచి విత్తనం ఇచ్చే ముందు పిల్లల్ని నేనడిగే మొదటి ప్రశ్న "మీ ఇంట్లో ఏసీ ఏ గదిలో ఉంది?" అనే.

ఏసీ లేని గదిలో, గోడ అల్మారా కింది అరలో పెట్టండి. ఇంకా మంచిది కావాలంటే మందులు గానీ చేపలు గానీ పెట్టి పంపే థర్మోకోల్ పెట్టె సంపాదించి సీసాని అందులో దించండి, మూత ఓరగా పెట్టండి. బయట ఎండ ఎక్కినా లోపల నెమ్మదిగానే మారుతుంది. వంటింట్లో పొయ్యి వేడి, ఫ్రిజ్ మీద మోటారు అదురు, వాషింగ్ మెషీన్ పక్కన ఇంకా ఎక్కువ అదురు. ఇవేవీ వద్దు. మొదటి ఏడాది నేనే ఫ్రిజ్ మీద పెట్టి, ఒక్క పెద్దదానికి బదులు రవ్వ ఉప్మాలాంటిది తయారుచేశాను.

వానాకాలంలో, అంటే మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గాలిలో తేమ ఎక్కువై ఆవిరి సరిగ్గా పోదు. అప్పుడు గుడ్డ ఇంకాస్త పల్చటిది కట్టండి, వెడల్పు మూతి సీసా తీసుకోండి. మే నెలలో దీనికి తలకిందులు, ఆవిరి మరీ తొందరగా పోయి ముఖాలు గరుకుగా వస్తాయి, అప్పుడు గుడ్డ రెండు మడతలు వేయండి.

ఇప్పుడు రంగులు

పాప వయసుకి నేను చెప్పేది ఇది. క్రాఫ్ట్ షాపులో రంగురంగుల నూగు తీగలు దొరుకుతాయి, పైప్ క్లీనర్ అంటారు. దాన్ని నక్షత్రంగానో, సీతాకోకచిలుకగానో, పేరులో మొదటి అక్షరంగానో వంచనివ్వండి. ఒకసారి పటిక ద్రావణంలో ముంచి తీసి ఎండబెట్టండి. కళ్లకి కనబడనంత చిన్న పలుకులు తీగంతా పడతాయి, అవే విత్తనాలు. ఈ మధ్య మెట్టు వీడియోల్లో చెప్పరు, అందుకే చాలామందికి ఒక పక్క గుత్తులుగా, ఒక పక్క ఖాళీగా వస్తుంది. తర్వాత అరలీటరుకి 180 గ్రాముల చొప్పున వేడిగా కరిగించిన ద్రావణం గోరువెచ్చగా దిగాక అందులో వేలాడదీసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి తీగ మొత్తం గాజు తొడుక్కుని ఉంటుంది. ఎరుపు తీగకి ఎరుపు, నీలం తీగకి నీలం, రంగు లోపలి నుంచి కనబడుతుంది. చౌక తీగల రంగు నీళ్లలోకి దిగుతుంది, కాబట్టి ముందు ఒక ముక్క వేడినీళ్లలో వేసి చూడండి.

గుడ్డు పెంకు కూడా బాగుంటుంది. సగానికి పగిలిన పెంకు లోపల పొర తీసేసి, కడిగి ఆరబెట్టి, పోస్టర్ కలర్ వేసి, ఫెవికాల్ పూసి, పచ్చిగా ఉండగానే పటిక పొడి చల్లి ఎండనివ్వాలి. అదే గోరువెచ్చటి ద్రావణంలో ముంచి ఉంచితే మర్నాటికి లోపలంతా స్ఫటికాల గుహ అవుతుంది. గుడ్డు ఇంట్లోకి రానివ్వని వాళ్లయితే చిన్న కొబ్బరి చిప్ప తీసుకోండి, లోపల బాగా గీకి రాత్రంతా నానబెట్టాలి, లేకపోతే గోధుమ రంగు దిగుతుంది. గుత్తులు కదా, ఇక్కడ ఫుడ్ కలర్ కూడా కాస్త పనిచేస్తుంది. పాప కలిపి చూస్తానంటే కలపనివ్వండి. అప్పుడు ఒకే ద్రావణంలో గుత్తి రంగుగా, ఒంటి స్ఫటికం తెల్లగా వస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మీరు అడిగిన ప్రశ్నకి జవాబు బల్ల మీదే ఉంటుంది.

తినగలిగే రంగు స్ఫటికం కావాలంటే కలకండ. ఒక గ్లాసు నీళ్లకి మూడు గ్లాసుల పంచదార, వెదురు పుల్లకి పంచదార అద్ది ఎండబెట్టి వేలాడదీయడం, ఓపిక. వారం పైనే పడుతుంది. ఈ ఊరి తేమకి జిగురుగా తయారవుతుంది, చీమలు పడతాయి. పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో సీసా పెట్టండి. దీనికి వాడే గిన్నె, సీసా వేరే ఉండాలి, పటికవీ ఇవీ కలపొద్దు.

మైలుతుత్తం

నీలం స్ఫటికాల్లో దీనికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కాపర్ సల్ఫేట్ రంగు దాని రాగి అయాన్లది, ఎవరూ కలిపింది కాదు, కాబట్టి స్ఫటికం నడుమ దాకా అదే నీలం. పటికలాగే పెరుగుతుంది, ఆకారం మాత్రం ఏటవాలు పలకలా వస్తుంది. కానీ ఇది విషం. మింగితే వాంతులు, కడుపులో పుండ్లు, మోతాదు పెరిగితే లివరూ కిడ్నీలూ దెబ్బతింటాయి. ద్రాక్షతోటల రైతులు సున్నంతో కలిపి బూజు తెగులుకి కొట్టేది దీన్నే. 9వ తరగతి దాటితే పెద్దవాళ్లు పక్కన ఉండి చేయించవచ్చు. అంతకంటే చిన్నవాళ్లకి నేను ఎప్పుడూ ఇవ్వలేదు.

మీరే చేసేటట్టయితే గ్లవ్స్ వేసుకోండి. వంటింటి గిన్నెలు వాడొద్దు, స్టీలూ అల్యూమినియమూ అసలు వద్దు, రాగి వాటి మీదికి ఎక్కి గిన్నె పాడవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. ఆ ద్రావణాన్ని తాగే నీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో పొరపాటున కూడా పోయకండి. చూడ్డానికి షర్బత్‌లా ఉంటుంది, చిన్నపిల్లలు ఉన్న ఇల్లయితే ఊహించుకోండి. పని అయ్యాక సింకులో పారబోయద్దు, చేపలకి ఇది చాలా తక్కువ మోతాదులోనే విషం. వెడల్పు ప్లాస్టిక్ డబ్బాలో ఆరనిచ్చి, పలుకులు లేబుల్ అంటించిన డబ్బాలో, పిల్లలకి అందని చోట దాచండి. మళ్లీ వాడుకోవచ్చు.

ఎరుపు, నారింజ స్ఫటికాల కోసం పొటాషియం డైక్రోమేట్ వాడమని ఎక్కడైనా చదివితే అక్కడే మూసేయండి. అది క్యాన్సర్ తెచ్చే పదార్థం, ఇంట్లోకి రాకూడదు.

పెద్ద పిల్లలున్నవాళ్ల కోసం ఇంకో ముచ్చట. క్రోమ్ ఆలం అని ముదురు ఊదా రంగు పటిక ఉంది, ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట దొరుకుతుంది. అల్యూమినియం కూర్చునే చోట ఇందులో క్రోమియం కూర్చుంటుంది, రెండిటి కొలతా దగ్గర దగ్గర, ముగ్గు ఒకటే. ఇలా ఒకదాని చోట ఇంకొకటి ఒదిగే పదార్థాల స్ఫటికాలు ఒకే ఆకారంలో ఉంటాయని జర్మన్ శాస్త్రవేత్త మిచెర్లిష్ 1819లోనే గమనించాడు. అందుకని రెండూ కలిపితే లేత ఊదా నుంచి ముదురు దాకా ఏ ఛాయ కావాలంటే ఆ ఛాయ వస్తుంది. ఫుడ్ కలర్ చేయలేని పని ఇది చేస్తుంది. మా స్కూల్లో ఒక 10వ తరగతి అమ్మాయి ఊదా స్ఫటికాన్ని మామూలు పటిక ద్రావణంలో మూడు వారాలు వేలాడదీసింది, దాని మీదుగా తెల్లటి స్ఫటికం పెరిగింది. గాజులో నేరేడు గింజ ఇరుక్కున్నట్టుండేది. ల్యాబులో నేను చూసినవాటిలో అంత అందమైనది ఇంకొకటి లేదు. ఒక జాగ్రత్త, క్రోమ్ ఆలం ద్రావణం వేడి 50 డిగ్రీలు దాటకూడదు, దాటితే ఆకుపచ్చగా తిరిగి రోజుల తరబడి స్ఫటికం ఇవ్వదు. చర్మానికి తగిలితే దురదలొస్తాయి కాబట్టి దీనికీ గ్లవ్స్ తప్పనిసరి. (తోళ్ల పని తెలిసినవాళ్లకి క్రోమియం కొత్త కాదు. చెన్నైలో మన క్రోంపేటకి ఆ పేరు వచ్చింది అక్కడి క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే.)

బొగ్గుల మీద ఉప్పు, అమ్మోనియా, నీలిమందు పోసి రంగుల తోట పెంచే విదేశీ వీడియోలు కూడా కొందరు పంపిస్తుంటారు. అక్కడ బట్టలకి పెట్టే ఆ నీలిమందులో ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం రంగు రేణువులు ఉంటాయి. ఇక్కడ బట్టలకి పెట్టే నీలం సాధారణంగా వేరే సరుకు, ఆ తోట రాదు. అమ్మోనియా వాసన ఒకటి మిగులుతుంది.

పాపని అడగబోయే ప్రశ్నలు

రోజూ ఒకే టైంకి, రూపాయి బిళ్ల పక్కన పెట్టి స్ఫటికం ఫోటో తీయించండి, గదిలో ఉష్ణోగ్రత రాయించండి. రెండో సీసా ఒకటి కావాలనే ఏసీ గదిలో పెట్టండి, తేడా తనే చూస్తుంది. రెండు సీసాలు, ఒక నోటుపుస్తకం ఉంటే ప్రాజెక్టు అవుతుంది. లేకపోతే అది బొమ్మ.

"పటికలో నీళ్లున్నాయా?" అని అడిగితే పాప ధైర్యంగా ఉన్నాయనాలి. పొడిగా కనబడే పటిక బరువులో 45 శాతం పైన నీళ్లే. మీరు చిన్న ముక్కని పాత గరిటెలో వేసి వేడిచేసి చూపించండి, దాని నీళ్లలో అదే కరిగి, తర్వాత బుసబుసా పొంగి తెల్లటి గుల్ల అవుతుంది. "స్ఫటికాల గురించి చదవడం వల్ల ఏం లాభం?" అంటే, మన చర్మంలో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ మూడు పేటల జడలా ఉంటుందని ఎక్స్-కిరణాల సాయంతో 1954లో చెప్పిన జి.ఎన్. రామచంద్రన్ పనిచేసింది ఈ ఊళ్లోనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో అని చెప్పించండి. గిండీలో అన్నా విశ్వవిద్యాలయంలో స్ఫటికాలు పెంచడానికే క్రిస్టల్ గ్రోత్ సెంటర్ అని ఒక విభాగం ఉంది. ఊరి పేరు తగిలితే పిల్లలు మర్చిపోరు.

చివరి రోజు గురించి. స్కూలుకి తీసుకెళ్లే ముందు స్ఫటికాన్ని టిష్యూతో అద్ది, ఒక పూట ఆరనిచ్చి, రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా రెండు పూతలు వేయండి. లేకపోతే చేతి తడికి మెరుపు పోతుంది. దూది పరిచిన చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని బ్యాగులో కాకుండా చేతిలో పట్టుకోమనండి. నెయిల్ పాలిష్ పని మాత్రం వీలైనంత ఆలస్యంగా, చివరి రాత్రి పెట్టుకోండి. ఎందుకంటే ఈలోగా స్ఫటికం కింద పడి కొన విరిగినా కంగారు లేదు, పూత లేకపోతే మళ్లీ అదే ద్రావణంలో వేలాడదీయచ్చు. రెండు మూడు రోజుల్లో విరిగిన చోట ముందు నిండుకుని కొన మళ్లీ తేలుతుంది. విరిగినప్పుడు ఒకటి, నిండాక ఒకటి ఫోటో తీసి ఉంచండి.